బొర్ర

దోహాల జనం లెక్కల దఫ్తర్ల
పదకొండేండ్లు చాయ్ పోసిన.
ఎవరికి చక్కెర, ఎవరికి వద్దు,
గా లెక్క ఒక్కటి నాది.

గోడకు ఒక బొమ్మ ఉండేది.
సూడాన్ సారు ఇడమరిచి చెప్పిండు:
మొగోళ్లు ఎడమకు, ఆడోళ్లు కుడికి,
కింద చంటిపిల్లలు, మీదికి పోయినకొద్ది వయసు.
శానా దేశాలది వడ్లకుప్ప లెక్క ఉంటదట,
కింద వెడల్పు, కొసకు సన్నం.
ఈ దేశానిది కుప్ప కాదు.
ఎడమ దిక్కు ఇంత బొర్ర,
ఇరవై ఐదు కాడ లేసి
నలభై ఐదు దాటినంక దిగే బొర్ర.
కుడి దిక్కు డొక్కలెండిన బర్రె.
"ముసలోళ్లు ఏరి సార్?"
"వెంట్రుక తెల్లబడే యాల్లకు
వీసా అయిపోతది ఓదెలూ" అని నవ్విండు.
ఆయన మీసం అప్పటికే సగం తెలుపు.

పదిమందిల ఒక్కరే ఆ దేశపోళ్లు.
కడమ తొమ్మండ్ల నేను,
మల్లాపూర్ మేస్త్రీలు, నేపాల్ పోరగాండ్లు,
పన్నెండు మంచాల రూము, మంచం మీద మంచం.
పసిపిల్ల ఏడుపు లేని ఊరు అది.
ఉన్నది గాని
ఫోన్లకెళ్లి అచ్చేది.

మౌజా అని ఒక పిల్ల ఉండె ఆఫీసుల,
ఆ దేశం పిల్లనే.
రంజాన్‌కు మాకందరికి ఖర్జూరాలు పంచేది.
ఒకనాడు చాయ్ సల్లారెదాక బొమ్మనే చూసి అన్నది:
"మా ఊళ్లె, మా బజార్ల
టమాటల ధర నేను హిందీల అడగాలె.
నర్సుతోని మాట్లాడనీకి మా నాయినమ్మ
ఈ వయసుల మలయాళం నేర్సుకుంటున్నది."
నేనేమనాలె?
తప్పైంది అంటే బాగుండదు.
ఇంకో కప్పు తెచ్చిచ్చిన.

ఓపారి సారు కాగితం మీద గ్లాసు పెట్టి తీస్తె
గుండ్రటి మరక పడ్డది,
సక్కగ ముప్పై ఐదు కాడ, ఎడమ దిక్కు.
తుడవబోతె చెయ్యి పట్టుకున్నడు.
"ఉండనీ, నువ్వు ఉన్నది గాడనే."

మా ఊరి బొమ్మ ఎవరు గీయలె.
సెలవుకు అచ్చినప్పుడు బీడీకట్టల కాగితం ఎనుక
నేనే గీసిన, ఇల్లిల్లు యాది చేసుకుంట.
ఆడ బొర్ర ఉన్నకాడనే ఈడ గంటు,
రొట్టెను ఎవడో కొరికినట్టు.

ఆ యేడు పెద్దపీరును ఎత్తేటోడు లేకుండె.
మా తాత ఎత్తిండు, మా నాయిన ఎత్తిండు,
నా వంతుకు నేను ఆడ కప్పులు కడుగుతున్న.
పదో తరగతి పోరడు ఎత్తిండట.
అలావ సుట్టు తిరుగంగ కాళ్లు తడబడ్డయట,
ముజావర్ ఖాసింసాబ్ కండ్లు మూసుకున్నడట.
ఖాసింసాబ్ కొడుకు రహమతుల్లాది నా కింది మంచం.
ఆ రాత్రి ఇద్దరం ఫోన్ల డప్పు ఇన్నం.
"ముసల్మాన్ల దేశం, ఏడ జూసినా మజీదే," అన్నడు,
"గని మన పీరు ఏడున్నడురా ఈడ?"
నేను పొద్దుగాల ఆరింటికి లేవాలె,
పండుకో అన్న.

మొన్న సర్వే పిల్ల అచ్చింది, రాయికల్ నుంచి,
ఫోన్ల నొక్కుకుంట.
ఇంట్ల ఎంతమంది?
గంగమణి ఒళ్లె చాట. వేళ్లు ఆగలె.
ఇరవై ఐదుకో కట్ట, ఛాట్ బీడీలు పక్కకు.
ఇదివరదాక ఎవరడిగినా
"ఉన్నడు గాని లేడు" అని చెప్పేదట.
దానికి గడి లేదనేటోళ్లట.
ఈపారి గదుమతోని నన్ను చూపెట్టింది.
మొగోడు. నలభై ఏడు.
"ఏం పని చేస్తడు?"
ఏం చెప్పాలె, పొయ్యి దిక్కు చూసి
"చాయ్ తాగుతవా బిడ్డా?" అన్న.

గంగమణి తలెత్తలె.
"జల్ది రాసుకో బిడ్డా,
మళ్ల లేస్తడు."